ఎక్కని గాజులు

"ఈసారి ఎరుపు వద్దు, ఆకుపచ్చవి తియ్యి. వచ్చేది మామూలు మనిషి కాదు, మన వియ్యపురాలు" అన్నాడు మా ఆయన అంగడి మెట్టు మీద నిలబడి, ఫోన్లో ఎవరికో మైకుసెట్టు గురించి చెబుతూనే. వియ్యపురాలు అన్న మాట ఆయన నోట్లో అప్పటికే పాతబడిపోయింది. ఇంకా తాంబూలాలు మార్చుకోలేదు. అది మరునాడు సాయంత్రం సభలో, అందరి ముందు జరగాలి.

పై అరలోంచి ఆకుపచ్చ మట్టిగాజుల పెట్టె దించాను. సైజు గురించి రెండోసారి ఆలోచించలేదు. పెళ్ళయి చిత్తూరు వచ్చినప్పటి నుంచి ఈ అంగడిలోనే కూర్చున్నదాన్ని. బోర్డు మీద పేరు మా మామగారిది, లైసెన్సు మా ఆయన ధనంజయది, గాజులు తొడిగే చేతులు నావి. ఆడమనిషి మెట్టెక్కుతుంటేనే ఆమెది రెండు నాలుగా, రెండు ఆరా అని నా కన్ను చెప్పేస్తుంది. మనిషి సన్నంగా ఉన్నంత మాత్రాన చిన్న గాజు ఎక్కదు. గుడ్డలుతికిన చెయ్యి కణుపుల దగ్గర లావెక్కి ఉంటుంది. కూర్చుని తిన్న చెయ్యి చూడటానికి బొద్దుగా ఉన్నా మడిస్తే మడుచుకుంటుంది. గంగజాతరప్పుడు ఆడవేషం కట్టే మగవాళ్లు వస్తారు, వాళ్లకూ నేనే తొడుగుతాను. ఎంత మొరటు చెయ్యి అయినా బొటనవేలు లోపలికి మడిచి, అరచేతిని కూడదీసి నొక్కితే దారి ఇస్తుంది. ఆ వియ్యపురాలు నిర్మలమ్మగారిని ఒక్కసారే చూశాను, తిరుపతిలో వాళ్లింట్లో. పుల్లలాంటి మనిషి, సన్నని పొడుగాటి వేళ్లు. రెండు నాలుగు తీసి పొట్లం కట్టాను.

నెలనెలా రెండో ఆదివారం జరిగే ఉపన్యాసాలు మా ఆయన మొదలుపెట్టినవి. 'మన ఊరి మాట' అని పేరు. చుట్టుపక్కల ఊళ్లలోని పంతుళ్లు, పండితులు, రిటైరైన ఆఫీసర్లు వచ్చి మన సంస్కృతి గురించీ సమాజం గురించీ మాట్లాడతారు. కల్యాణమండపం వాళ్లు మేడ మీది హాలు ఇస్తారు. కుర్చీలు తుడిపించడం, పూలదండలు చెప్పడం, టీ కాయడం, వచ్చినవాళ్లకు చక్కెరపొంగలి వండించడం, పోయాక ఎంగిలి గ్లాసులు ఏరడం నా వంతు. పెళ్లిళ్లప్పుడు ముహూర్తం అయిందని తెలిసి భోజనాలకు ఆకులు వేసుకోవడానికి అక్కడి వంటగదిలో గోడకు ఒక స్పీకరు డబ్బా బిగించి ఉంది. అన్ని ఉపన్యాసాలూ నేను ఆ డబ్బాలోనే విన్నాను, గిన్నెల చప్పుడు మధ్య. మాట్లాడేవాళ్ల మొహాలు నాకు గుర్తుండవు, గొంతులు గుర్తు. ఒంట్లో బాగాలేదు, ఈ నెల టీ హోటలు నుంచి తెప్పించండి అని ఒకసారి అంటే మా అత్త దేవకమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "వాడు ఊరికి మంచి చెప్పిస్తా ఉండాడు, నువ్వు రెండు చెంబుల టీ కాసేదానికి మూలుగుతా ఉండావు" అంది. కాసింది రెండు చెంబులు కాదు, అండా. అయినా కాశాను.

వేదిక మీద నాకు ఉన్నది ఒకటే పని. ఉపన్యాసానికి ముందు, మాట్లాడే ఆయనకు మా ఆయన శాలువా కప్పుతాడు, ఆయన భార్యకు నేను గాజులు తొడుగుతాను. ఈ ఆనవాయితీ కూడా మా ఆయన పెట్టిందే. ఇల్లాలికి గౌరవం ఇవ్వకుండా ఇంటాయనకు ఇవ్వకూడదని ఆయన మైకులో చెప్పగానే చప్పట్లు పడతాయి. తొడిగేసి దిగిపోవాలి. ఒకసారి ఒకామెతో నాలుగు మాటలు మాట్లాడుతూ ఆగిపోతే, ఇంటికొచ్చాక, "అంగడిలో బేరం అనుకొన్నావా, సభ అది" అన్నాడు. ఇంకోసారి, ఆడవాళ్లను కూడా ఒకరినైనా మాట్లాడటానికి పిలవొచ్చు కదా అని అడిగాను. "పిలిస్తే ఆమె మొగుడికి గాజులు తొడుగుతావా?" అన్నాడు. కమిటీవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ నవ్వే అన్నిటికంటే ఎక్కువ మంట పెడుతుంది.

మునిశేఖర్‌గారు మా వేదిక మీద పేరున్న మనిషి. తిరుపతిలో కాలేజీలో చెప్పి రిటైరయ్యాడు. మాట తేనెలా ఉంటుంది. ఎప్పుడు వచ్చినా, ఇంటామెకు ఒంట్లో బాగాలేదని ఒక్కడే వచ్చేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు మా అమ్మాయి సుజన కాఫీ గ్లాసు అందించింది. వారం తిరక్కుండా ఫోను చేసి, మా చిన్నోడు మునికుమార్‌కు మీ పాపను అడుగుతా ఉండాం అన్నాడు. మా ఆయనకు ఆ రోజు కాళ్లు నేల మీద నిలవలేదు. వేదిక మీద తన పక్కన కూర్చునే మనిషి తనకు వియ్యంకుడు కావడం కంటే ఆయనకు ఇంకేం కావాలి? పిల్లవాడు నెమ్మదస్తుడు, ఉద్యోగం ఉంది. సుజన కూడా, మీ ఇష్టం నాయనా అంది.

వాళ్లిల్లు చూడ్డానికి వెళ్లిన రోజు నాకు బాగా గుర్తు. మునిశేఖర్‌గారు గదులన్నీ తిప్పి చూపించాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ, దాటిన ప్రతి గది తలుపూ తనే వెనక్కి తిరిగి మూసేవాడు. విసురుగా కాదు. చప్పుడు కాకుండా, గడియ పడేదాకా అరచేత్తో నొక్కి పట్టి మూసేవాడు. బరువైన టేకు తలుపులు. దోమలు వస్తాయి అన్నాడు. ఎంత శుభ్రమైన మనిషో అనుకున్నాను. సుజన ఖాళీ వేళల్లో పట్టుదారం చుట్టి గాజులు చేస్తుంది, ఫోనులో ఫోటోలు పెడితే బెంగుళూరు దాకా అమ్ముడుపోతాయి. ఆ సంగతి నేను కాస్త గొప్పగానే చెప్పాను. "ఇంక అవన్నీ ఎందుకమ్మా, మా ఇంట్లో ఆడబిడ్డలు చెయ్యి కదపనక్కర్లేదు" అన్నాడు. మా ఆయన మురిసిపోయాడు.

నిర్మలమ్మగారు ఆ రోజంతా రెండు మాటలు మాట్లాడి ఉంటే ఎక్కువ. వచ్చేముందు మాత్రం సుజన కుడిచెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, బొటనవేలు లోపలికి మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. అట్లా చాలాసేపు పట్టుకుని కూర్చుంది. "కోడలికి గాజులు చేయించేదానికి కొలత చూస్తా ఉండాది" అన్నాడు మునిశేఖర్‌గారు. నిర్మలమ్మగారి చేతులకు మర విప్పి వేసుకునే బంగారు గాజులున్నాయి. పెద్దకోడలు రాజశ్రీకీ అలాంటివే. మామూలు గాజుల కంటే వాటికి కూలి ఎక్కువ. ఉన్నవాళ్లు అని లెక్కేసుకున్నాను. సరుకు మెరుపు చూశాను, అది ఎందుకు ఆ తీరున చేయించారో అడగలేదు. కొత్త బేరగాడు కూడా అడిగే ప్రశ్న అది.

ఆదివారం మధ్యాహ్నం నుంచే మబ్బు కమ్మింది. గాలి లేదు, వాన పడలేదు, హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నా జనం విసురుకుంటూ కూర్చున్నారు. పూతలపట్టు దాటినాం అని ఫోనొచ్చిన కాసేపటికే కారు వచ్చింది. మునిశేఖర్‌గారు దిగి, వెనక తలుపు తనే తీసి, ఆడవాళ్లిద్దరూ దిగేదాకా నిలబడి, మళ్లీ తనే మూశాడు. అదే తీరు, చప్పుడు లేకుండా. చూశావా మర్యాద అన్నట్టు మా ఆయన నా వైపు చూశాడు.  

శాలువా అయింది. నన్ను పిలిచారు. నిర్మలమ్మగారి చెయ్యి పట్టుకుని, నూనె రాసి, బొటనవేలు మడవబోయాను. మడుచుకోలేదు. మళ్లీ నొక్కాను. వేలి మొదట్లో చర్మం కింద గులకరాయిలా ఏదో అడ్డం వచ్చింది. ఎముక అది. విరిగి, ఎట్లా పడితే అట్లా అతుక్కుపోయిన ఎముక. గాజు కణుపు దాటకుండానే చిట్లింది. ముందు వరుసలో మా అత్త అయ్యో అపశకునం అంది. చేతికి గీసుకుని సన్నగా రక్తం వచ్చినా నిర్మలమ్మగారు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నా మొహంలోకి చూసి, పెదాలు కదిలీ కదలకుండా, "తలుపు సందులో పడింది" అంది.

"పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకోలేదా వదినా?" అన్నాను. ఆమె పక్కకు చూసింది. అక్కడ ఆయన చిరునవ్వుతో నిలబడి ఉన్నాడు. మైకు అందుకుని, "మా ఇంటి కోసం పని చేసి చేసి ఆ చేతులు రాటుదేలిపోయినాయి తల్లీ. అవి గాజులు ఎక్కే చేతులు కాదు, మనం మొక్కే చేతులు" అన్నాడు. హాలంతా చప్పట్లు. మిగిలిన గాజులు పళ్లెంలో పెట్టి ఆమె ఒళ్లో ఉంచి దిగొచ్చాను.

వంటగదిలో పాలు పొంగుతున్నాయి. మంట తగ్గించి గోడకానుకుని నిలబడ్డాను. మా వైపు ఎముక విరిగితే పుత్తూరు పోనివాళ్లెవరు? తిరుపతి నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి కట్టు కట్టించుకుని ఇంటికి రావచ్చు. డబ్బు లేనివాళ్లూ పోతారు, కూలివాళ్లూ పోతారు. కారున్న ఇంటి ఆడమనిషి పోలేదంటే, పోనివ్వలేదని. చూసినవాళ్లు అడుగుతారని. ఇంకో సంగతి. తలుపు సందులో వేళ్ల కొనలు పడతాయి, గోళ్లు నల్లబడతాయి. అంగడి షట్టరు కింద నాకూ పడ్డాయి. బొటనవేలి మొదలు దాకా సందులోకి పోవాలంటే చెయ్యి తనంతట తాను పోదు. ఎవరైనా పెట్టాలి. పెట్టి పట్టుకోవాలి.

కాదు, నాకే ఏదో పైత్యం అని సర్దుకుంటుండగా రాజశ్రీ లోపలికి వచ్చింది, గ్లాసులు అందిస్తాను పిన్నమ్మా అంటూ. పైన డబ్బాలో మునిశేఖర్‌గారి గొంతు మొదలైంది. గంగజాతర గురించి. మగవాడు చీర కట్టి, గాజులు తొడుక్కుని అమ్మవారి ముందు తలవంచే సంస్కృతి మనది తప్ప ఇంకెక్కడుందని అడుగుతున్నాడు. చప్పట్లు.

పొట్లంలో మిగిలిన గాజులు తీసి, "ఏదీ, నీ చెయ్యి ఇట్లా ఇయ్యి" అన్నాను. ఆమె చెయ్యి కొంగులోకి పోయింది. మా ఇంట్లో మట్టిగాజులు వేసుకోం అంది. నేను చాపిన చెయ్యి చాపినట్టే ఉంచాను. అంగడిలో బెట్టు చేసేవాళ్ల ముందు మాట్లాడకుండా కూర్చోవడం నాకు అలవాటు. కొంతసేపటికి కొంగులోంచి చెయ్యి వచ్చింది. బొటనవేలు నొక్కాను. అదే చోట, అదే రాయి.

"నీకూ తలుపేనా?"

"తలుపే పిన్నమ్మా. మా ఇంట్లో తలుపులు బరువు."

ఆ తర్వాత ఆమె చెప్పిందంతా టీ గ్లాసులు వరుసగా పేరుస్తూనే చెప్పింది, తల ఎత్తకుండా, పక్కింటి సంగతి చెప్పినట్టు. ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు. ఎవరూ చెంప మీద కొట్టరు, మచ్చ బయటికి కనపడే పని చెయ్యరు. మాట వినని చెయ్యికి తలుపు. అత్తకు పెళ్లయిన కొత్తలో. రాజశ్రీకి, అడగకుండా అమ్మగారింటికి పోయి వచ్చినందుకు. తలుపు వేసింది మామగారు. మొగుడు పక్క గదిలో కూర్చుని టీవీ సౌండు పెంచాడు.  అడగాల్సింది ఒక్కటే మిగిలింది. అడగడానికి భయమేసింది.

"మునికుమారు?"

"ఆయన మంచోడే పిన్నమ్మా" అంది. గ్లాసు ఒకటి జరిపి సరిగా పెట్టింది. "ఆయన నా చెయ్యి పట్టుకొన్నాడు, అంతే. తలుపు ఆయన వెయ్యలా."

పైన డబ్బాలో మళ్లీ చప్పట్లు. సుజన చెయ్యి పట్టుకుని నిర్మలమ్మగారు ఎందుకట్లా మడిచి, విప్పి, మడిచి చూసిందో అప్పుడు తెలిసింది. కొలత కాదు అది. మంచి చెయ్యి ఎట్లా ఉంటుందో చూసుకుంది. నన్ను కూడా చూడమంది. నేను ఆమె ఒంటి మీది బంగారం చూశాను.

మా ఆయన్ని వేదిక పక్క గుమ్మం దగ్గరకు పిలిపించాను. చెప్పాను. వినేటప్పుడు ఆయన కళ్లు హాలు వైపే ఉన్నాయి, ఎవరైనా చూస్తున్నారేమోనని. "ఆయన మాట వినేదానికి ఊరంతా వచ్చిండాది, నువ్వొచ్చి నాకు వేలు చూపిస్తా ఉండావు" అన్నాడు. రాజశ్రీ నోటితో చెప్పింది అన్నాను. ఇంటి కోడళ్లు నూరు చెప్తారు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు, "తాంబూలాలు కానీ పంకజా. ఆనక మాట్లాడదాం. ఇప్పుడు వద్దంటే నేను ఈ ఊర్లో తల ఎట్లా ఎత్తుకోవాల?" అన్నాడు. అబద్ధమని ఆయన అనలేదు. అది నేను గమనించాను. నిజమో కాదో తెలుసుకోవాలన్న పట్టింపు కూడా ఆయన మొహంలో లేదు.

మా ఆయన నా మీద ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు. ఆ ఒక్కటీ ఒక పళ్లెంలో వేసి, రెండో పళ్లెంలో మిగతావన్నీ వేసి, తక్కెడ సమంగానే ఉందని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అండాల టీ, బోర్డు మీద లేని పేరు, కమిటీ నవ్వులు, "నీకేం తెలుసు" అన్న మాటలు. కొట్టని మొగుడు అని మా అమ్మ కూడా నలుగురికీ చెప్పుకునేది. ఇప్పుడు ఆ గుమ్మంలో నిలబడి చూస్తే, పక్క గదిలో టీవీ సౌండు పెంచినవాడూ కొట్టని మొగుడే. పట్టుకున్నవాడూ కొట్టలేదు. నా బిడ్డ చెయ్యి ఆ తలుపు దగ్గరకు పోయిన రోజు మా ఆయన కూడా, సభ అయిపోనీ, ఆనక మాట్లాడదాం అంటాడు. ఇంక తూచడానికి ఏమీ మిగల్లేదు.

సుజనను లోపలికి పిలిచాను. పట్టుచీరలో, తల నిండా పూలతో వచ్చింది. ఏమీ చెప్పకుండా రాజశ్రీ చెయ్యి దాని చేతిలో పెట్టాను. రోజూ గాజులతో పనిచేసే పిల్ల. బొటనవేలు ఒక్కసారి నొక్కి ఆగిపోయింది. 

"నాయనకు చెప్పినావామ్మా?"

"చెప్పినాను."

ఏమన్నాడని అది అడగలేదు. నేను మొలలోంచి అంగడి తాళాలు తీసి రాజశ్రీ చేతిలో పెట్టాను. అంగడి మీద సరుకు పెట్టుకునే గది ఉంది, దానికి గడియ లోపలి వైపు. పెద్దకొడుకు ఆ రోజు రాలేదు, మునికుమార్ ముందు వరుసలో ఉన్నాడు. వెనక మెట్ల నుంచి దిగితే ఎవరికీ కనపడరు. ఇష్టం లేకపోతే తాళాలు తిరిగి ఇచ్చెయ్యమ్మా, బలవంతం లేదు అన్నాను. రాజశ్రీ తాళాలు గుప్పిట్లో బిగించింది.

"మా అత్త?"

"ఆమెను నేను తీసుకొస్తా."

సుజన తలలో పూలు తీసి పొయ్యి గట్టు మీద పెట్టింది. ఇద్దరూ దిగి వెళ్లారు. వీధి తలుపు శబ్దం వినపడేదాకా ఉండి, పొయ్యి ఆర్పేశాను. నిర్మలమ్మగారు వేదిక మీద ఆయన పక్కన కూర్చుని ఉంది. అక్కడి నుంచి దిగడానికి వెనక మెట్లు లేవు.

ఉపన్యాసం అయిపోయింది. సందేహాలుంటే అడగొచ్చన్నాడు మా ఆయన. ప్రతిసారీ ఇద్దరు ముసలాయనలు లేచి, అడగాల్సింది వదిలేసి తామే ఉపన్యాసం చెబుతారు. ఈసారీ లేవబోయారు. నేను అప్పటికే నడవ మధ్యలో ఉన్నాను, చేతులు కొంగుతో తుడుచుకుంటూ. తాంబూలం పళ్లెం తెస్తున్నానేమో అనుకుని కొందరు నవ్వుమొహంతో జరిగారు. నా చేతిలో పళ్లెం లేదని మా ఆయనకు ముందు తెలిసింది. మైకు ఇస్తున్న కుర్రవాడికి వద్దని సైగ చేశాడు. నేను అంతలోనే అందుకున్నాను.

"అయ్యా, ఒకటే అడుగుతా. మీ ఇంట్లో తలుపులు ఎవరు వేస్తారు?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వంటగదిలో డబ్బాలోంచి కూడా వస్తుంటుందని తోచింది, ఖాళీ గదిలోకి. హాల్లో గుసగుస. మా అత్త, దీనికి మతి పోయిందా అంది. మునిశేఖర్‌గారి నవ్వు చెదరలేదు. కళ్లు మాత్రం నా మీది నుంచి వంటగది గుమ్మం వైపు పోయి, రాజశ్రీ కోసం వెతికి, ముందు వరుసలో సుజన లేని ఖాళీ కుర్చీ దగ్గర ఆగాయి. మునికుమార్ తల దించుకున్నాడు.

"బంగారంలాంటి ప్రశ్న" అన్నాడు. "ఇంటికి దీపం పెట్టేదీ, తలుపు వేసేదీ ఇల్లాలే కదమ్మా. మా ఇంట్లోనూ అంతే."

జనం నవ్వారు. చప్పట్లు మొదలయ్యాయి. మా ఆయన రెండు మెట్లు దిగి, పళ్ల మధ్య నుంచి, "మైకు ఇచ్చి లోపలికి పో" అన్నాడు. అప్పుడు నిర్మలమ్మగారు లేచి నిలబడింది. ఒళ్లో ఉన్న పళ్లెం జారి ఆకుపచ్చ గాజులు వేదికంతా దొర్లాయి. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఆమె కుడిచెయ్యి కొంగులోంచి బయటికి తీసింది. వేలి దగ్గర రక్తం ఎండిపోయి ఉంది. ఏదో అంది. పెదాలు కదలడం ముందు వరుసవాళ్లు చూశారు, మాట వాళ్లకు కూడా సగమే వినపడి ఉంటుంది. నాకు పూర్తిగా వినపడింది. నేనెప్పుడూ వెయ్యలేదు అంది.

మునిశేఖర్‌గారు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు, మెల్లగా, మర్యాదగా. నేను మెట్లెక్కాను. మా ఆయన అడ్డం నిలబడబోయి, నా మొహం చూసి జరిగాడు. కాళ్ల కింద గాజులు చిట్లుతున్నాయి. మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, వాళ్లిద్దరి మధ్యలో నిలబడ్డాను.

"ఇంకోసారి చెప్పు వదినా. వెనకవాళ్లకు వినపడలా."